పప్పు వాసన వచ్చే కారు

మా కారు మరిగినప్పుడల్లా పప్పు వాసన వచ్చేది. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. వేరేవాళ్ల కార్లు వేడెక్కితే రబ్బరు కాలిన వాసనో ఆయిలు వాసనో వస్తుందంటారు. మాది మాత్రం కుక్కరు మూత దగ్గర పప్పు పొంగి పొయ్యి మీద మాడితే ఎలా ఉంటుందో అలా. అదీ ఇవాళ్టి పప్పు కాదు, నిన్నటిది. ఇప్పటికీ తలుచుకుంటే నా గొంతులోకి పుల్లటి నీళ్లు ఊరుతాయి.

నా పని టీచర్లను బడికి చేర్చడం. కళ్యాణదుర్గంలో ఇళ్లు పెట్టుకున్న నలుగురు మేడమ్‌లు, కుందుర్పి దాటాక ఒక పల్లెలో వాళ్ల బడి. బస్సు వాళ్ల టైముకి రాదు. షేరు ఆటోలో పోతే దుమ్ము కొట్టుకుని, బడికి చేరేసరికి జుట్టు కూడా ఎర్రగా అవుతుంది. అందుకని నలుగురూ కలిసి నెలకింత అని ఇచ్చి ఒక కారు మాట్లాడుకుందామనుకున్నారు. తోలేది ఆడపిల్లయితే ఇంకా నయం అనుకున్నారు. అప్పటికి నేను ఇంటర్ తప్పి, టైలరు షాపులో చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ ఉన్నాను. మా నాయన లారీ డ్రైవరు. మోకాళ్లు పోయి ఇంట్లో కూర్చున్నాక ఏం తోచక, నీళ్లు లేని చెరువులో నాకు బండి తోలడం నేర్పించాడు. మా చెరువు అందుకు చాలా బాగుంటుంది. ఎటు తిప్పినా తగలడానికి ఏమీ ఉండదు.

కారు చూసి పెట్టింది కూడా నాయనే. కదిరిలో ఎవరో అమ్ముతున్నారంటే చిన్నాన్ననూ మేనమామనూ వెంటబెట్టుకుని పోయాడు. బానెట్ మీద చెవి పెట్టి విన్నాడు. వెనక పొగగొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి వాసన చూశాడు. తర్వాత అందరి ముందూ నడుము మీద చేతులు పెట్టుకుని, "బంగారం బండి. కండ్లు మూసుకోని కొనచ్చు" అన్నాడు. మేము నిజంగానే కళ్లు మూసుకున్నాం.

కొన్నాళ్లు బాగానే నడిచింది. నేను మురిసిపోయి అద్దానికి ఒక చిన్న గుడ్డ చిలుక కూడా వేలాడదీశాను. ఎండలు ముదిరాక మొదలైంది. కుందుర్పికి ముందు రోడ్డు పొడుగ్గా ఒక దిన్నె ఎక్కుతుంది. పెద్దది కాదు, సైకిలు తొక్కేవాళ్లయితే దిగి నడుస్తారు, అంతే. సరిగ్గా ఆ దిన్నె సగంలో టెంపరేచర్ ముల్లు లేచి ఎర్రగీత వైపు పోయేది. ముందు వాసన. తర్వాత బానెట్ సందుల్లోంచి ఆవిరి. తర్వాత నేను కారు పక్కకు తీసి ఆపడం, వెనక లెక్కల టీచర్ "అయిపోయింది" అనడం.

మొదటిసారి అందరూ మంచిగానే ఉన్నారు. తాగడానికి తెచ్చుకున్న సీసాలన్నీ తీసి ఇచ్చారు. ఇంజను కాస్త చల్లారాక గుడ్డ చుట్టి మూత తిప్పి, ఆ సీసాలన్నీ రేడియేటర్‌లో పోశాను. అది ఎన్ని పోసినా గుటగుటా తాగింది. పెద్ద మేడమ్, అంటే ఆ బడికి హెడ్‌మాస్టరమ్మ, చెట్టు కూడా లేని చోట కొంగు నెత్తిన కప్పుకుని నిలబడింది. వేరుశనగ చేన్లో ఒక ముసలాయన పని ఆపి మమ్మల్ని చూస్తూ నిలుచున్నాడు.

"ఎవరిదమ్మా క్యారియర్ ఒలికినట్టుండాది. పప్పు వాసన కొడ్తాంది" అంది పెద్ద మేడమ్.

అందరూ లెక్కల టీచర్ వైపు చూశారు. ఆమె పొద్దున టిఫిన్ తినదు. ఆకలేస్తే బండిలోనే డబ్బా తీస్తుంది.

"నా తల్లి మీద ఒట్టు, నేను డబ్బా తీయనే లేదు. ఈపొద్దు నాది పులగూర, పప్పు కాదు" అంది ఆమె ఏడుపు మొహంతో.

రెండోసారికి మంచితనం తగ్గింది. మూడోసారికి నాకే వాళ్ల మొహాలు చూడాలంటే చీదరగా అయింది, వాళ్లకు నా మొహం చూడాలన్నా అలాగే ఉండి ఉంటుంది. వాళ్ల బాధ నాకు తెలియక కాదు. బడి ఆవరణలో నిలబడి టైము లోపల సెల్లుకు మొహం చూపిస్తేనే హాజరు పడుతుంది. దిన్నె మీద నిలబడి ఎంత అందంగా చూపించినా అది తీసుకోదు. ఒకరోజు నలుగురికీ ఆలస్యం పడింది. ఆ సాయంత్రం దిగేటప్పుడు పెద్ద మేడమ్ కారు తలుపు మూయకుండా పట్టుకుని నిలబడింది.

"పాపా, నిన్ను తిట్టాలని లేదు. నువ్వు తోలేది బాగుండాది. కానీ బండి ఇట్లుంటే మేము యాడ సచ్చేది? ఆ వ్యాను ఆయప్ప నిన్నటినుంచి అడుగుతాండాడు, రాండి మేడమ్ అని. బండి బాగు చేపిచ్చుకో. ఆ తర్వాత ఒక్కరోజు వస్తాం. ఆపొద్దు కూడా దిన్నె మీద నిలిచిందంటే ఇంగ నన్ను అడగాకు."

ఒక్కరోజు. అంటే ఒక్కసారి మరిగితే నేను మళ్లీ ఫాల్స్ కుట్టే స్టూలు మీదకి. టైలరు షాపులో ఆయన నన్ను చూసి ఎలా పళ్లికిలిస్తాడో కూడా నాకు కనబడింది.

ఆ కొన్ని రోజుల్లో నాకు సలహా చెప్పని మగవాడు కళ్యాణదుర్గంలో లేడు. టీ అంగడి ముందు కారు ఆపితే చాలు, గ్లాసులు పట్టుకుని వచ్చేవాళ్లు. ఒకాయన, కారుతో నిమ్మకాయలు తొక్కించలేదా అన్నాడు. ఇంకొకాయన ఏసీ వేస్తున్నావు కదా అన్నాడు. మా కారులో ఏసీ చచ్చి చాలా కాలమైంది. ఇంకొకడు పాన్ నములుతూ, టైరు మీద ఉమ్మి, "ఆడపిల్ల క్లచ్చి మీద కాలు తియ్యదు. అందుకే వేడెక్కుతాది" అన్నాడు. ఆ ఉమ్మి ఎర్రగా నా టైరు మీద కారుతోంది. నేను అటే చూస్తూ, "అన్నా, నువ్వు నోరు మూస్తే బండి రోంత చల్లగైతాదేమో" అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ టైరు కడిగేదాకా నాకు కారు ఎక్కబుద్ధి కాలేదు.

నాయనను అడిగితే మాత్రం ఒకటే మాట. "బండికేమీ కాలేదు పాపా. ఎండలు శానా ఉండాయి. నేను పొద్దున్నే నీళ్లు చూస్తాండా కదా. నువ్వు బానెట్ తియ్యాకు, చేతులు కాల్చుకుంటావు."

నిజమే, రోజూ నేను లేచేసరికే ఆయన కారు దగ్గర ఉండేవాడు. కుంటుకుంటూ బిందె మోసుకుపోయి బోరు నీళ్లు పోసి, మూత బిగించి, గుడ్డతో బానెట్ తుడిచి పెట్టేవాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి కారు తయారు. ఎంత ప్రేమ అనుకునేదాన్ని. టీచర్లతో కూడా గొప్పగా చెప్పుకున్నాను, మా నాయన నన్ను బానెట్ కూడా ముట్టనియ్యడు అని.

చివరికి ఒక మధ్యాహ్నం, నాయనకు చెప్పకుండా కారును మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లాను. ఆ మెకానిక్ అన్న మాట తక్కువ మనిషి. ఇంజను పూర్తిగా చల్లారేదాకా నన్ను కూర్చోబెట్టి, అప్పుడు మూత తీశాడు. తీసి మూతను తిప్పి చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మూత అడుగున జిగటగా ఏదో పేరుకుని ఉంది. బురద రంగు. బురద అయితే నాకు అంత రోత పుట్టేది కాదు. ఇది పసిపిల్లల బట్టలో ఉండేదాని లాగా ఉంది. నేను వేలు పెట్టి లాగితే తీగ సాగింది. లోపలికి తొంగి చూస్తే నీళ్ల మీద కూడా అదే మీగడ కట్టి ఉంది. వాసన ముక్కుకు కొట్టగానే నేను షెడ్డు బయటికి పోయి రెండుసార్లు ఓకరించి వచ్చాను.

మెకానిక్ అన్న ఆయిలు పుల్ల తీసి చూశాడు. అది శుభ్రంగానే ఉంది. ఇంజను స్టార్ట్ చేయించి, రేడియేటర్ నోట్లోకి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఇంజను లోపల పగిలి ఉంటే బుడగలు రావాలట, రాలేదు. అయినా ఆ జిగటను రెండు వేళ్ల మధ్య రుద్ది రుద్ది, "ఆయిలు నీళ్లల్లోకి దిగుతాందేమో పాపా. హెడ్డు ఇప్పి చూడాల. ఇంజను మొత్తం ఇప్పదీసే పని" అన్నాడు.

"ఎన్ని దినాలు?"

"ఇప్పితే గానీ చెప్పలేను. ఒగసారి ఇప్పితే ఇంగ ఏమేం బయటపడతాయో."

వ్యాను ఆయన మొహం నా కళ్ల ముందు తిరిగింది. ఆలోచించి చెబుతానని చెప్పి, ఆ జిగట చేతులు పాత గుడ్డకు తుడుచుకుంటే పోక, నా పైజామాకే తుడుచుకుని ఇంటికి వచ్చాను. తెల్ల పైజామా. కొత్తది.

ఇంటికి రాగానే బట్టలు మార్చుకుని దాన్ని బండ మీద వేశాను. అమ్మ బట్టలు ఉతుకుతోంది. ఆ మరకలు చూసి, "ఏమే ఇది, యాడ కూచుంటివి?" అంది.

"కారు అమ్మా. ఆయిలు, తుప్పు, ఏమో. చూస్తే వాంతి వస్తాంది."

అమ్మ నీళ్లు చల్లి సబ్బు రుద్దింది. రుద్దిన చోట మరక ఎర్రగా మారింది. లేత ఎరుపు కూడా కాదు, రక్తం లాంటి ఎరుపు. అమ్మ చేయి ఆగిపోయింది. పక్కన ఇంకో మరక మీద సబ్బు పెట్టింది. అదీ ఎర్రగా అయింది. తర్వాత నా వైపు చూసింది.

"తుప్పు కాదు, నీ మొహం కాదు. ఇది పసుపు."

నేను కూడా ఇన్నేళ్లుగా బట్టలుతికినదాన్నే. కూర మరక మీద సబ్బు పడితే ఎర్రగా అవుతుందని నాకు తెలియదా. ఇంట్లో దిష్టి తీయడానికి పసుపులో సున్నం వేస్తే నీళ్లు ఎర్రబడటం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. కానీ రేడియేటర్‌లో పసుపు ఉంటుందని ఎవరనుకుంటారు? ఆ బండ దగ్గర కూర్చుని, పప్పు వాసన ఎక్కడిదో అప్పుడు అర్థమై, నాకు నవ్వు రాలేదు. ఇంకా అసహ్యం పుట్టింది. ఇన్నాళ్లూ ఎవరి పెళ్లి కోసం కలిపిన పసుపు మరుగుతుంటే నేను వాసన పీలుస్తూ తోలాను?

"కదిరి వాళ్లే. ఏమో లోపం కప్పిపెట్టి మనకు అమ్మేదానికి ఏసినారు, దొంగ నా కొడుకులు" అన్నాను.

అమ్మ పైజామా పిండి పక్కన పెట్టింది. "మన ఇంట్లో పసుపు ఎందుకు ఊరికే అయిపోతాందో అని నేను అనుకుంటాంటి. డబ్బా నింపిన వారానికే అడుగు కనపడ్తాంది. ఎలుకలు పసుపు తింటాయా అని కూడా అనుకుంటి" అంది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాయన వసారాలో మంచం మీద పడుకుని, సెల్లులో ఏదో పాట పెట్టుకుని కాలు ఊపుతున్నాడు.

అమ్మ ఆయనను ఏమీ అడగలేదు. మా అమ్మ పద్ధతి వేరు. మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం రాగిముద్ద, పప్పు చేసింది. ముగ్గురికీ కంచాలు పెట్టి, నాయన ముద్దలో గుంట చేసుకుని ఎదురుచూస్తుంటే అందులో పప్పు పోసింది. తెల్లటి పప్పు. ఉడికిన కందిపప్పులో ఉప్పు, మిరపకాయ, అంతే. చూడటానికి జబ్బుచేసిన మనిషి పథ్యం లాగా ఉంది.

నాయన దాన్ని కాసేపు చూశాడు. "ఏమే, పసుపు ఎయ్యలేదా?"

అమ్మ నాకు వడ్డిస్తూ, తల ఎత్తకుండా అంది. "డబ్బాలో లేదు. నీ కూతురి కారునడుగు. మిగిలింటే ఇస్తాదేమో."

నాయన చెయ్యి ముద్ద మీదే ఉండిపోయింది. ఆయన మొహంలో కోపం రాలేదు, ఆశ్చర్యం కూడా రాలేదు. అది చూసే నాకు తెలిసింది.

"నాయనా, నువ్వేనా?"

"లీకు ఉండేది పాపా" అన్నాడు నెమ్మదిగా. "కొనుక్కొచ్చిన రెండోనాడు పొద్దున చూసినా. కింద నేల తడిగా ఉండాది. సన్న లీకు. మా లారీలకు అట్లయితే పిడికెడు పసుపు ఏసేవాళ్లం. ఉబ్బి ఆ సందులో కూచుంటాది. లీకు నిల్చిపోతాది. ఎన్ని తూర్లు తోలినానో అట్లా."

"ఆ తడి నాకు చూపిచ్చింటే?"

దానికి జవాబు అమ్మ చెప్పింది. "ఎట్ల చూపిస్తాడు? బంగారం బండి అన్నాడు కదా, అందరి ముందర. ఆ తడి మీద కాలితో మన్ను తోసేది నేనే చూసినా. ఏందో తొక్కినాడులే అనుకుంటి."

"లీకు నిల్చిపోయింది కదా" అన్నాడు నాయన, ఇంకా.

"లీకు నిల్చింది. లోపల నీళ్లు కూడా నిల్చినాయి" అన్నాను. అప్పటికి నాకు గొంతు పెరిగిపోయింది. "లారీకి నువ్వు ఒగసారి ఏసినావు, ముందు ఊర్లో షెడ్డు చేరేదానికి. దీనికి ఎన్నిసార్లు ఏసినావు?"

"అది మరిగిందని నువ్వు వచ్చి చెప్పినప్పుడంతా, మళ్లా లీకు పడిందేమో అని..."

అంటే కారు మరిగిన ప్రతిసారీ ఇంకో పిడికెడు. ఆ పసుపు వల్ల మళ్లీ మరగడం. మళ్లీ పిడికెడు. నేను దిన్నె మీద ఎండలో నిలబడి, మేడమ్‌ల సీసాలు అడుక్కుని, దారిన పోయే ప్రతివాడి నోరూ భరిస్తుంటే, ఈయన తెల్లవారుజామున కుంటుకుంటూ లేచి దాని గొంతులో ఇంకాస్త కూరుతున్నాడు. గుడ్డతో బానెట్ తుడిచి మరీ. ఎదురుగా ఉన్న పప్పు ఇక నోట్లో పెట్టబుద్ధి కాలేదు. అందులో పసుపు లేకపోయినా.

"నేను రోడ్డు మీద నిలబడి తిట్లు తింటాంటే నువ్వు ఈడ కూచోని దాన్ని ఇంగా మూస్తాంటివా? టీ అంగడికాడ నన్ను క్లచ్చి తొక్కేది రాదన్న రోజు, ఆ మాట నీకు వచ్చి చెప్పినా కదా నాయనా. అప్పుడైనా నోరు తెరిచి చెప్పింటే ఏమి?"

ఆయన కంచం కొంచెం ముందుకు తోసి, "నేను చూసిన బండి కదా పాపా" అన్నాడు. అంతే అన్నాడు. నేను లేచి చెయ్యి కడుక్కున్నాను. జాలిపడాలని నాకు తెలుసు. ఆ రోజు పడలేదు. ఆయన వేళ్ల గోళ్ల సందుల్లో పసుపు కనిపించింది, అది ఎప్పటి నుంచి అక్కడ ఉందో, నేను ఎన్నిసార్లు చూసి కూడా చూడలేదో అని నా మీదే నాకు చీదర పుట్టింది.

సోమవారం కూడా మేడమ్‌లు వ్యానులోనే పోయారు. నేను షెడ్డుకు పోయి ఉన్న మాట చెప్పాను. మెకానిక్ అన్న నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "అబ్బా, ఆ పని మా తాతల కాలం నుంచి ఉండాది" అని, ఇంజను స్టార్ట్ చేసి, కాసేపు తిరగనిచ్చి, ఆపి, నన్ను పిలిచాడు. "ఈ పై పైపు ముట్టు. మెల్లగా." చెయ్యి దగ్గరికి పోతేనే కాలింది. "ఇప్పుడు కింద పైపు." అది చల్లగా ఉంది. పొద్దున కుండ ముట్టుకున్నంత చల్లగా.

"పైన కాగిన నీళ్లు లోపలికి పోతాండాయి. సల్లబడి కిందికి దిగాల. దిగేదానికి దోవ లేదు. ఇంజనుకేమీ కాలేదు పాపా, రేడియేటరే మూసకపోయింది. హెడ్డు ఇప్పాల్సిన పని లేదు" అన్నాడు. "నీళ్లు ఏం పోస్తాండారు?"

"బోరు నీళ్లు."

"అదీ చెప్పు. ఆ ఉప్పు నీళ్లల్లో పసుపు కలిస్తే సిమెంటే."

మా బోరు నీళ్లు ఏ గిన్నెలో కాచినా అడుగున తెల్లగా పెంకు కడుతుంది. ఆ పెంకూ, ఈ పసుపూ కలిసి ఎలా ఉందో రేడియేటర్ ఊడదీసినప్పుడు చూశాను. చూడకుండా ఉండాల్సింది. తిరగేసి కొడితే ముద్దలు ముద్దలుగా పడింది. పైన తడిగా, లోపల గట్టిగా, ఎండిన పేడకు మీగడ పూసినట్టు. సన్నటి ఇనప కడ్డీలు గొట్టాల్లో దూర్చి ఒక్కొక్కటే పొడుస్తుంటే, అటు చివర నుంచి పసుపుపచ్చ పురుగుల్లాగా బయటికి వచ్చింది. ఎండకు ఈగలు ముసిరాయి. షెడ్డు పక్కన పడుకున్న కుక్క లేచి వచ్చి, వాసన చూసి, వెనక్కి పోయి మళ్లీ పడుకుంది. నేను ముక్కుకు చున్నీ కట్టుకుని అక్కడే నిలబడ్డాను, ఒక్క గొట్టం కూడా వదలకుండా పొడిచేదాకా. అసలు లీకు ఎక్కడుందో అప్పుడు దొరికింది. కింద మూల, సూది మొన అంత. టంకం పెడితే అయిపోయింది. నాయన చూసిన రోజే చూపించి ఉంటే ఒక పూట పని. ఆ చుక్కను చూసినప్పుడు వచ్చినంత కోపం, అంత ముద్దను చూసినప్పుడు కూడా రాలేదు.

లోపలంతా కడిగి, ఈసారి బోరు నీళ్లు కాకుండా కూలెంట్ పోశారు. ఆకుపచ్చగా, శుభ్రంగా ఉంది. ఇంటికి తెచ్చి పెట్టి బానెట్ ఎత్తితే నాయన దూరం నుంచే చూసి, "అదేంది, పచ్చగా ఉండాది" అన్నాడు.

"అది బండికి పోసేది. పప్పులోకి ఏసేది కాదు" అన్నాను. అమ్మ లోపల నవ్వింది. నాయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

పెద్ద మేడమ్ ఇచ్చిన ఒక్కరోజు వచ్చింది. పొద్దున నేను లేచేసరికి నాయన లేచే ఉన్నాడు. కారు దగ్గర లేడు. వసారా మెట్టు మీద, గుడ్డ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను బానెట్ తీసి, నీళ్లు చూసి, మూసి, గుడ్డ కోసం చెయ్యి చాచాను. ఇచ్చాడు. నేనే తుడుచుకున్నాను.

మేడమ్‌లు ఎక్కారు. ఊరు దాటాక పెద్ద మేడమ్ అడిగింది, "ఏమైందంట పాపా?"

"రేడియేటర్ మూసకపోయింది మేడమ్."

"ఎవరో దాంట్లో ఏమో ఏసినారంట కదా. మా ఇంటాయన షెడ్డుకాడ ఇన్నాడంట" అంది లెక్కల టీచర్ వెనక నుంచి. "ఎవరు? అమ్మినోళ్లా?"

అవును అంటే అయిపోయేది. కదిరి వాళ్లు వచ్చి అడగబోరు. అద్దంలో నలుగురి మొహాలూ నా వైపే ఉన్నాయి. చిలుక ఊగుతోంది.

"తెలిసినోళ్లే మేడమ్. ఇంగ ఎయ్యరు" అన్నాను.

పెద్ద మేడమ్ నా వైపు కాసేపు చూసి, కిటికీ వైపు తిరిగింది.

దిన్నె మొదలైంది. నేను గేరు మార్చి, రోడ్డును ఒక కంటితో, ముల్లును ఒక కంటితో చూస్తూ తోలుతున్నాను. దూరంగా గుట్టల మీద గాలిమరలు ఆగిపోయి ఉన్నాయి, గాలి కూడా లేదు. సగం దిన్నె. ఎప్పుడూ ఆగే చోటు, మేము నీళ్లు పోసినప్పుడు పడేసిన సీసా మూత కూడా మట్టిలో అలాగే ఉంది.

అప్పుడు వచ్చింది వాసన. పప్పు. సందేహం లేదు, పసుపు వేసి ఉడికించిన పప్పు, వేడిగా, నా మెడ వెనక నుంచి. నా కాలు దానంతట అదే బ్రేకు మీద పడింది. కారు గుంజుకుని ఆగింది, వెనక ఎవరి తలో సీటుకు తగిలింది.

ముల్లు చూశాను. సగం దగ్గర, కదలకుండా నిలబడి ఉంది. బానెట్ మీద ఆవిరి లేదు. తిరిగి చూస్తే లెక్కల టీచర్ ఒళ్లో డబ్బా తెరిచి ఉంది, చేతిలో చపాతీ ముక్క, ఆమె చీర మీద పచ్చటి పప్పు ఒలికి కారుతోంది.

"ఆకలయితాంది కదమ్మా" అంది ఆమె. "ఈపొద్దు నిజంగానే నాదే."

నేను తలుపు తీసి రోడ్డు పక్కన ఓకరించాను. వెనక నలుగురూ నవ్వుతున్నారు, లెక్కల టీచర్ కూడా, కొంగు దులుపుకుంటూ. మూతి తుడుచుకుని వచ్చి కూర్చునేసరికి పెద్ద మేడమ్ కళ్లు తుడుచుకుంటూ సెల్లులో టైము చూస్తోంది.

"ఆ డబ్బా మూయమ్మా ముందు, ఈ పాప సచ్చిపోతాది" అంది. తర్వాత నా భుజం మీద తట్టింది. "తోలు పాపా, బిరీన. మొహాలు చూపిచ్చాల."